"నెగటివ్ రివ్యూలు తీయిస్తాం" అనే ప్యాకేజీ కొంటున్నారా? డబ్బు కట్టే ముందు చూడండి

క్లినిక్కులు, కోచింగ్ సెంటర్లు, సొంత ఆఫీసులు నడిపేవాళ్లకు మార్కెటింగ్ ఏజెన్సీల నుంచి వచ్చే ఫోన్ దాదాపు ఒకేలా ఉంటుంది. "డాక్టర్ గారూ, గూగుల్‌లో మీకు వన్ స్టార్లు పడ్డాయి. నెలలో తీయించేస్తాం, యాభై ఫైవ్ స్టార్లు ఎక్కిస్తాం. సగం అడ్వాన్స్ పంపండి చాలు."

రివ్యూ తీయించే దొడ్డిదారి ఏ ఏజెన్సీ దగ్గరా లేదు. వాళ్లు నొక్కేది మీ ఫోన్లోనూ ఉన్న రిపోర్ట్ బటనే, అదీ ఉచితం. బూతులు, బెదిరింపులు, అసలు మీ దగ్గరికి రాని మనిషి రాసిన అబద్ధం, పోటీవాళ్లు రాయించింది, ఇలాంటివైతే పోయే అవకాశం ఉంది. "గంటన్నర కూర్చోబెట్టారు, బిల్లు వాచిపోయింది" అని నిజమైన పేషెంట్ రాస్తే లక్ష పోసినా కదలదు. ఫోన్లో వినిపించిన "గ్యారంటీ" కాగితం మీదికి వచ్చేసరికి "ప్రయత్నిస్తాం" అవుతుంది. అడ్వాన్స్ వెనక్కి రాకపోవడానికి ఆ ఒక్క మాట చాలు.

ఫైవ్ స్టార్లు ఇంకా ప్రమాదం. ఎక్కడెక్కడి ఖాతాల నుంచో ఒకే వారంలో "నైస్ సర్వీస్" అని వరసగా పడితే పసిగట్టడం కష్టమేమీ కాదు. దొరికితే గూగుల్ కొంతకాలం కొత్త రివ్యూలు ఆపేయొచ్చు, పాతవి కనపడకుండా చేయొచ్చు, నకిలీ రివ్యూలు తొలగించామని మీ బిజినెస్ ప్రొఫైల్ (గూగుల్‌లో మీ పేరు, నంబర్, రివ్యూలు కనపడే పేజీ) మీదే హెచ్చరిక పెట్టొచ్చు. పాతవి దాస్తే నిజమైన పేషెంట్లు రాసినవీ వాటితోపాటే పోతాయి. ఇక లాయర్లకు బార్ కౌన్సిల్ 36వ నియమం, డాక్టర్లకు 2002 నాటి వృత్తి నియమావళి ప్రచారం విషయంలో కట్టుబాట్లు పెట్టాయి. ఫిర్యాదు వస్తే జవాబు చెప్పుకోవాల్సింది మీరే, ఏజెన్సీ కాదు.

ఎక్కువమంది ఇరుక్కునేది లాగిన్ దగ్గర. "ప్రొఫైల్ మేమే సెట్ చేస్తాం" అని ఏజెన్సీ తన జీమెయిల్‌తో తెరిస్తే ప్రైమరీ ఓనర్ వాళ్లే. నెలవారీ డబ్బు ఆపారా, మీ ఫోన్ నంబర్, టైమింగులు మార్చగలిగేదీ వాళ్లే. ఇప్పుడే బిజినెస్ ప్రొఫైల్ సెట్టింగ్స్‌లో "పీపుల్ అండ్ యాక్సెస్" తెరిచి చూడండి. ప్రైమరీ ఓనర్‌గా మీ సొంత మెయిల్ ఉండాలి. బయటివాళ్లకు మేనేజర్ హోదా మించి ఇవ్వకండి. పాస్‌వర్డ్, ఓటీపీ అసలే ఇవ్వకండి. వాళ్లు హక్కు వదలకపోతే గూగుల్‌లోనే ఓనర్‌షిప్ రిక్వెస్ట్ పెట్టుకోవచ్చు.

ఇప్పటికే కట్టేసినవాళ్లు వాట్సాప్ చాట్, యూపీఐ రసీదు, జీఎస్టీ బిల్లు దాచుకోండి (బిల్లు ఇవ్వనన్నారంటే అదీ ఒక సంకేతమే). వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915. "వ్యాపారం కోసం కొన్న సేవ, మీరు వినియోగదారు కారు" అని అవతలివాళ్లు వాదించవచ్చు, దానికి సిద్ధంగా ఉండండి. డబ్బు తీసుకుని మాయమైతే వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి.

చెడ్డ రివ్యూకు మీరే చేయగలిగింది: స్క్రీన్‌షాట్ తీయండి, సరైన కారణం ఎంచుకుని రిపోర్ట్ కొట్టండి, తిరస్కరిస్తే అప్పీల్ చేయండి. ఈలోగా కింద రెండు వాక్యాల జవాబు రాయండి. డాక్టర్లయితే అందులో పేషెంట్ జబ్బు గురించి గానీ, చేసిన వైద్యం గురించి గానీ ఒక్క మాటా ఉండకూడదు. "మీకు కలిగిన ఇబ్బందికి చింతిస్తున్నాం, క్లినిక్ నంబర్‌కు ఒకసారి ఫోన్ చేయండి" అంటే సరిపోతుంది.