అరికాళ్ల మంటకు బయోథీసియోమీటర్: అంకె సగమే చెబుతుంది

అరికాళ్లకు అదురు ఎంత తెలుస్తోందో కొలిచే మిషన్ బయోథీసియోమీటర్. హనుమకొండలో షుగర్ క్లినిక్‌లు చేసే ఈ పరీక్షకు, హెచ్‌ఐవీ ఉన్నవాళ్ల కోసమైతే ఐదుకు మూడు మార్కులే. సూది లేదు, నొప్పి లేదు. బొటనవేలికి అదిరే ప్రోబ్ ఆనించి వోల్టేజీ పెంచుతారు. అదురు 15 వోల్టుల లోపే తెలిస్తే మామూలు. 25 దాటితే కాలికి పుండు పడే ముప్పు. పత్తి చేలల్లో చెప్పుల్లేకుండా తిరిగి తోలు మొద్దుబారిన కాళ్లకు అంకె ఊరికే పెరుగుతుంది.

అసలు చిక్కు వేరే. ఇది పెద్ద నరాలనే కొలుస్తుంది. హెచ్‌ఐవీలో మంట చాలాసార్లు సన్న నరాలతోనే మొదలవుతుంది. అంకె బాగుందని ఇంటికి పంపడం పొరపాటు. సూదిమొన, వేడి, చల్లదనం తెలుస్తున్నాయో లేదో కూడా చూడాలి.

ముప్పు కారణాలను మిషన్ అడగదు, మీరే చెప్పాలి: వయసు, ఎత్తు, ఒకప్పుడు బాగా పడిపోయిన సీడీ4 (రోగనిరోధక కణాల లెక్క), ఒకప్పుడు హెచ్‌ఐవీకి వాడిన పాత స్టావుడిన్ మాత్రలు, షుగర్, మద్యం (గుడుంబా సంగతి దాచొద్దు). టీబీకి ఐసోనియాజిడ్ వాడుతుంటే బీ6 విటమిన్ తోడుండాలి. షుగర్ మాత్ర మెట్‌ఫార్మిన్ ఏళ్లుగా మింగితే బీ12 విటమిన్ తగ్గొచ్చు; హెచ్‌ఐవీ మందు డోలుటెగ్రావిర్ వాడేవాళ్లకు మెట్‌ఫార్మిన్‌ను మామూలుగా రోజుకు 1000 మిల్లీగ్రాముల లోపే ఉంచుతారు. నరాల నొప్పికి కార్బమాజెపిన్ రాస్తే ముందు ఏఆర్‌టీ (హెచ్‌ఐవీ మందుల) డాక్టరుకు చూపించండి, అది రక్తంలో డోలుటెగ్రావిర్‌ను తగ్గించేస్తుంది.