బోరు నీటికి సరే, నాగావళి నీటికి ఎందుకు? ఆర్‌వో యంత్రంపై మా అనుభవం

ఆర్‌వో (నీటిలో కరిగిన లవణాలను సన్నటి పొరతో ఆపేది), యూవీ (అతినీలలోహిత కాంతితో క్రిములను అరికట్టేది), యూఎఫ్ (అతి సన్నని రంధ్రాల వడపోతతో క్రిములను ఆపేది) మూడూ ఉన్న నీటి శుద్ధి యంత్రాన్ని మా ఇంట్లో 2018 వేసవి నుంచి వాడుతున్నాం. మేముండేది శ్రీకాకుళం పట్టణ శివారులో. మునిసిపల్ కుళాయిలో వచ్చేది నాగావళి నది నీరు. అది రోజూ కాసేపే వస్తుంది, ఎండాకాలంలో అదీ తగ్గిపోతుంది. మిగతా అవసరాలన్నీ బోరు మీదే గడుస్తాయి. ఆ బోరు నీటితో కందిపప్పు ఎంతసేపు ఉడికించినా పలుకుగానే ఉంటుంది, నీళ్లు కాచిన గిన్నె అడుగున సున్నం పూసినట్టు తెల్లటి పొర కడుతుంది. యంత్రం కొనడానికి అదే కారణం. కొన్నది వృథా కాలేదు. అయినా మా చుట్టాల్లో ఎవరు అడిగినా, ముందు నీటిని పరీక్ష చేయించుకుని ఆ తర్వాతే ఆర్‌వో సంగతి తేల్చుకోమని చెబుతున్నాను.

నీటిలో కరిగిన లవణాలు మొత్తం ఎంతున్నాయో చూపే టీడీఎస్ మీటరు పెట్టి చూస్తే మా బోరు నీరు తొమ్మిది వందలకు పైన, కుళాయి నీరు రెండు వందల లోపు చూపిస్తుంది. తాగునీటికి భారతీయ ప్రమాణాల సంస్థ పెట్టిన ఐఎస్ 10500 ప్రకారం లీటరు నీటిలో కరిగిన లవణాలు 500 మిల్లీగ్రాముల వరకు ఉండవచ్చు. వేరే నీటి వసతి లేనప్పుడు 2000 వరకు అనుమతి ఉంది. ఈ లెక్కన మా కుళాయి నీటికి ఆర్‌వోతో పనే లేదు. బురదను ఆపే వడపోత, క్రిములను అరికట్టే యూవీ గానీ యూఎఫ్ గానీ ఉంటే చాలు. అయితే మీటరులో అంకె తక్కువగా ఉన్నంత మాత్రాన నిశ్చింతగా ఉండకూడదు. అది క్రిముల జాడ చెప్పదు, ఫ్లోరైడు, నైట్రేటు విడివిడిగా ఎంతున్నాయో చూపదు. అదే ప్రమాణంలో ఫ్లోరైడుకు లీటరుకు 1 మిల్లీగ్రాము, తప్పనిసరైతే 1.5 వరకు, నైట్రేటుకు 45 మిల్లీగ్రాములు హద్దు. వీటి సంగతి ప్రయోగశాల నివేదికలోనే తెలుస్తుంది కాబట్టి బోరు నీరు తాగేవారు సీసాలో పట్టి పరీక్షకు ఇవ్వడం తప్పనిసరి.

మన జిల్లాలో ఈ యంత్రాలు అమ్మేవారు ఉద్దానం పేరు ఎత్తకుండా ఉండరు. కవిటి, సోంపేట, కంచిలి ప్రాంతాల్లో కిడ్నీ జబ్బుతో కుటుంబాలు ఎంత నలిగిపోయాయో అందరికీ తెలిసిందే. ఎన్నో పరిశోధనలు జరిగినా ఆ జబ్బుకు ఇదీ కారణమని ఇంతవరకు తేలలేదు. హిరమండలం జలాశయం నుంచి వంశధార నీటిని ఉద్దానానికి తెచ్చే పథకం 2023 డిసెంబరులో ప్రారంభమైంది. మంచి నీరు అందించడం ఎలాగూ అవసరమే. కానీ "ఈ యంత్రం పెట్టుకుంటే కిడ్నీలకు ఢోకా లేదు" అని హామీ ఇచ్చి అమ్మడం జనం భయాన్ని సొమ్ము చేసుకోవడమే. మాకూ ఒక దుకాణంలో అదే మాట చెప్పారు.

ఇక నిర్వహణ. వానాకాలంలో నాగావళికి కొత్త నీరు వచ్చినప్పుడు బురదను ఆపే సెడిమెంట్ ఫిల్టర్ విప్పి చూడాలి. తెల్లగా బిగించిన దారపు చుట్ట ఎర్రమట్టి రంగుకు తిరిగి, వేలితో నొక్కితే మెత్తటి ఒండ్రు ఊరుతుంది. వెనుకటి రోజుల్లో బిందెలో చిల్లగింజ అరగదీసి తేర్చుకున్నది ఈ బురదనే; తేరిన నీటిలో క్రిములు చావవు కాబట్టి కాచుకోవడం అప్పుడూ అవసరమే. ఆ చుట్ట మార్చడానికి పెద్ద ఖర్చు కాదు, ఇంట్లోనే మార్చుకోవచ్చు. దాని తర్వాత ఉండే కార్బన్ ఫిల్టర్ విషయంలో మాత్రం బద్ధకించకూడదు. కుళాయి నీటిలోని క్లోరిన్‌ను ఆపేది అదే. అది పనిచేయడం మానేస్తే క్లోరిన్ నేరుగా మెంబ్రేన్‌ను, అంటే ఆర్‌వోలో లవణాలను ఆపే పొరను, తినేస్తుంది, మెంబ్రేన్ ధర మిగతా ఫిల్టర్లన్నిటికన్నా ఎక్కువ. కొనేటప్పుడు యంత్రం ధర గురించి గీచి గీచి బేరమాడతాం గానీ ఏటా ఫిల్టర్లకు, ఏఎంసీకి (ఏడాది నిర్వహణ ఒప్పందానికి) అయ్యేదెంతో అడగం. మెకానిక్ మన ఊళ్లోనే ఉంటాడా, విశాఖ నుంచి రావాలా అన్నది కూడా అప్పుడే అడిగి తెలుసుకోవాలి.

బకెట్ పెట్టి కొలిచి చూస్తే మా యంత్రం లీటరు మంచి నీటికి మూడు లీటర్ల దాకా బయటకు వదులుతుంది. ఆ నీటిని గచ్చు కడగడానికి, మరుగుదొడ్డికి వాడుతున్నాం. ఉప్పు ఎక్కువ కనుక పూల కుండీలకు పోయం. కరెంటు లేకపోతే యంత్రం ఆగిపోతుంది. 2018 అక్టోబరులో తిత్లీ తుఫాను వచ్చినప్పుడు జిల్లాలో చాలా ఊళ్లకు రోజుల తరబడి కరెంటు లేదు. యంత్రం ట్యాంకులో నిల్వ ఉన్నది అయిపోయాక, పట్టి ఉంచిన కుళాయి నీటినే కాచి చల్లార్చి తాగాం.

అందుకే నరసన్నపేటలో మా చెల్లెలు ఫిల్టరు కొంటానన్నప్పుడు, వాళ్ల కుళాయి నీటి పరీక్షలో లవణాలు తక్కువని తేలడంతో, కరెంటు అక్కర్లేని యూఎఫ్ ఫిల్టరు తీసుకోమన్నాను. మా ఇంట్లో మాత్రం బోరు ఉన్నంతకాలం ఆర్‌వో తప్పదు. ఆర్‌వో వాడేవారు ఒక సంగతి గమనించాలి. రుచి కోసమని మెకానిక్ టీడీఎస్ వాల్వును తెరిచి పెడితే, మెంబ్రేన్ గుండా వెళ్లని నీరు కొంత తాగే నీటిలో కలుస్తుంది. పరీక్షలో ఫ్లోరైడు గానీ నైట్రేటు గానీ హద్దు దాటి ఉంటే, చప్పగా ఉన్నా సరే, ఆ వాల్వును పూర్తిగా మూయించి ఉంచాలి.