మర్నాడు మధ్యాహ్నానికే దిగుతారన్న మాట

హైదరాబాదు నుంచి శాన్‌ఫ్రాన్సిస్కోకు దూరమెంతని అంతర్జాలంలో వెతికితే సుమారు 13,500 కిలోమీటర్లనీ, విమానంలో పదిహేను గంటలనీ జవాబు వస్తుంది. అది భూగోళం మీద రెండు ఊళ్ళకు మధ్యనున్న అతి దగ్గరి దారిని గంటకు 900 కిలోమీటర్ల వేగంతో భాగించగా వచ్చిన అంకె మాత్రమే. ఆ దారిన ఆగకుండా వెళ్ళే విమానం మాకు దొరకలేదు. దుబాయి మీదుగా వెళ్ళాలంటే మొదట 2,550, ఆపైన 13,000 కిలోమీటర్లు, అంటే రెండు వేల కిలోమీటర్లు అదనం. దానికి నాకేమీ అభ్యంతరం లేదు. నా కోపమంతా టికెట్లు తీసిన ఏజెంటు మీదనే.

"రాత్రి 9.50కి ఎక్కితే మర్నాడు మధ్యాహ్నం 1.40కి దిగిపోతారండీ" అన్నాడాయన. వినడానికి పదహారు గంటలైనా లేదు! అయితే మొదటిది మన గడియారం, రెండవది వాళ్ళ గడియారం; వేసవిలో వాళ్ళు మనకంటే పన్నెండున్నర గంటలు వెనక ఉంటారు కనుక అసలు ప్రయాణం ఇరవై ఎనిమిది గంటల ఇరవై నిమిషాలు. అందులో ఎనిమిదిన్నర గంటలు దుబాయిలో పడిగాపులే. తెల్లవారుజామున బయలుదేరి అక్కడ రెండు గంటలే ఆగే విమానం మనిషికి రూ. 5,500 ఎక్కువని, "రాత్రిదే తీసుకోండి, మధ్యలో హోటలు వాళ్ళే ఇస్తారు" అని ఒప్పించాడు.

అర్ధరాత్రి దాటాక దుబాయి కౌంటరులోని అమ్మాయి మా టికెట్లు చూసి, ఈ ధర టికెట్టుకు హోటలు వర్తించదని మర్యాదగానే చెప్పింది. మా అమ్మగారికి కాళ్ళు వాచే బాధ ఉన్నది. ఆవిడ ఏమీ అనకుండా ఇనుప కుర్చీలో కూర్చుని చెప్పులు విప్పేసరికి నాకు మరీ కష్టమనిపించింది. చివరికి టెర్మినల్ లోపలే గంటల లెక్కన ఇచ్చే నిద్రగది ఒకటి 420 దిర్హాములకు, అంటే దగ్గర దగ్గర పదివేల రూపాయలకు తీసుకున్నాము. ఇరుకు మంచం, ఒక దీపం, బట్టలకు ఒక కొక్కెం. స్నానాల గది లేదు. "దీనికి పదివేలా? మన రైల్వే రిటైరింగు రూము నయం" అన్నారావిడ. ఇద్దరికీ కలిపి మిగిలిన పదకొండు వేలు అక్కడే హరించుకుపోయాయి.

ఆ తరువాతి పదిహేను గంటల యాభై నిమిషాలు మాత్రం బాగున్నాయి. దుబాయి, శాన్‌ఫ్రాన్సిస్కో రేఖాంశాలు భూగోళానికి దాదాపు చెరోవైపున ఉండడంతో విమానం తూర్పుకో పడమరకో కాక నేరుగా ఉత్తరానికి సాగి, ధ్రువప్రాంతం మీదుగా అవతలికి దిగుతుంది. ఉదయం 8.50కి ఎక్కినవాళ్ళకు వేసవిలో దారి పొడుగునా సూర్యుడు అస్తమించడు. "ఎంతకీ పొద్దుగూకదేమిట్రా!" అంటూ అమ్మ కిటికీ తెర పైకెత్తడం, వెనుక సీటాయన విసుక్కోవడం సాగుతూనే ఉన్నాయి.

చక్రాల కుర్చీని టికెట్టుతోపాటే అడిగి ఉంచండి; దానికి రుసుము లేదు, ఇమ్మిగ్రేషను వరుసలోనూ చాలా సాయపడింది. ఏజెంటును మాత్రం దిగే సమయం అడగకండి, మొత్తం ఎన్ని గంటలో అడిగి, హోటలు మాటను కాగితం మీద పెట్టించుకోండి. తిరుగు ప్రయాణానికి మేము మనిషికి రూ. 7,200 మార్పు రుసుము కట్టి, మూడు గంటలే ఆగే విమానానికి మారాము. ఆ డబ్బు సంగతి మాట్లాడదామంటే ఆయన ఇప్పటికీ ఫోను ఎత్తడం లేదు.