ఓపెన్‌ఎల్‌పీ రివ్యూ: తెలుగు పాటకు ఒడియా అక్షరాలు

పర్లాకిమిడి 1936లో ఒరిస్సాలోకి వెళ్లింది. అక్కడా, గుణుపూర్, రాయగడ వైపూ తెలుగు క్రైస్తవ సంఘాల పిల్లల్లో చాలామంది ఇంట్లో తెలుగు మాట్లాడతారు, బడిలో ఒడియా చదువుతారు. కీర్తన నోటికి వస్తుంది, తెలుగు పుస్తకం చదవడం రాదు. ఆరాధనలో తెర మీద తెలుగు లిపి ఒక్కటే వేస్తే ఆ తెర వాళ్లకు ఉన్నా లేనట్టే. పాటలు, బైబిలు వాక్యాలు తెర మీద చూపే ఉచిత సాఫ్ట్‌వేర్ ఓపెన్‌ఎల్‌పీ ఈ అవసరం తీరుస్తుందా? తీరుస్తుంది, కానీ మనం కష్టపడాలి.

బైబిలు భాగం హాయిగా ఉంది. తెలుగు, ఒడియా బైబిళ్లు రెండూ ఎక్కించుకుంటే ఒకే వాక్యం రెండు భాషల్లోనూ కలిసి కనిపిస్తుంది. పాటలకు మాత్రం రెండో లిపిని చేత్తో కలుపుకోవాలి. రెండు తెలుగు పాదాలు, వాటి కిందే అవే పాదాలు ఒడియా అక్షరాల్లో, పసుపు రంగులో కనపడేలా ట్యాగు (రంగు మార్చే గుర్తు) పెట్టి. స్లైడుకు నాలుగు వరుసలు మించితే వెనక బెంచీలకు కనపడదు. పల్లవి, చరణాల వరుస ఒక్కసారి రాసిపెడితే ప్రతి చరణం తర్వాతా పల్లవి దానంతటదే వస్తుంది.

లిపి మార్చడానికి అక్షరముఖ అనే ఉచిత సైటు ఉంది. అందులో వచ్చింది వచ్చినట్టు వాడొద్దు. ఒడియాలో 'య'కు రెండు అక్షరాలున్నాయి. ఒకదాన్ని 'జ' అని పలుకుతారు, అది పడితే పిల్లలు 'జేసు' అని పాడతారు. 'వ' బదులు 'బ' పడితే 'దేవా' కాస్తా 'దేబా'. చివరి సున్నాను ఒడియాలో 'మ్' అని కాక 'ఙ్' అని పలుకుతారు కాబట్టి 'స్తోత్రం' అన్నచోట సున్నా తీసి 'మ్' పెట్టాలి. పాత కీర్తనల్లో 'స్తోత్రము' అనే ఉంటుంది, ఆ బాధ లేదు. 'ఎ-ఏ', 'ఒ-ఓ' తేడా మాత్రం ఒడియా లిపిలోనే లేదు. దానికి మందు పెద్దవాళ్ల గొంతే.

పాత పాటల ఫైళ్లు డీటీపీ సెంటర్లో 'అను' అనే పాత, యూనికోడ్ కాని ఫాంట్లలో కొట్టినవైతే, అతికించగానే అర్థంలేని గుర్తులు వస్తాయి. ముందు యూనికోడ్‌లోకి మార్చి, ఒత్తులన్నీ చూసుకోవాలి. ఓపెన్‌ఎల్‌పీ థీమ్‌లో (తెర రూపం అమరికలో) అక్షరాల అంచు గీత మందంగా పెడితే ఒత్తుల సందులు పూడిపోతాయి. వరుసల మధ్య ఎడం చాలకపోతే 'స్త్ర' వత్తు కింది పాదానికి తగులుతుంది. రెండు లిపులకూ 'నోటో' అనే ఉచిత ఫాంట్లే పెట్టండి, పొంతన కుదురుతుంది. విండోస్‌లో తెరను 'డూప్లికేట్' కాకుండా 'ఎక్స్‌టెండ్' చేయాలి. లేదంటే ఆపరేటరు వెతుకులాటంతా సంఘం ముందే జరుగుతుంది.

తెలుగు కీర్తనలు మానేసి ఒడియా పాటలే పాడుకోవడం సులువు. కానీ అమ్మమ్మ కన్నీళ్లతో పాడే పాట మనవరాలికి అందకుండా పోవడం మాకు ఇష్టం లేదు. ఆ ఒక్క కారణం చాలు, ఈ శ్రమకు.

30 పాటలతో మొదలుపెట్టండి. తెర నడిపే కుర్రాడు పనికోసం విశాఖ వెళ్తే పాటలూ అతని ల్యాప్‌టాప్‌తో పోతాయి. నెలకోసారి పాటలను ఓపెన్‌లిరిక్స్ అనే ఫైలు రూపంలో ఎక్స్‌పోర్ట్ చేసి, పెన్‌డ్రైవ్‌ను సంఘం బీరువాలో ఉంచండి.