రెడీమేడ్ బాత్రూమ్ పాడ్: గది బాగుంది, తేలాల్సింది అతుకే

టైల్స్, కమోడ్, షవర్, వైరింగ్ అన్నీ ఫ్యాక్టరీలోనే బిగించుకుని లారీ మీద వచ్చే బాత్రూమే పాడ్. ఒకే కొలతల బాత్రూమ్‌లు వందల్లో కావాల్సిన హాస్టళ్లకు, హోటళ్లకు, ఆసుపత్రులకు ఇది నిజంగా పనికొచ్చే సరుకు. ఇరుకు గదిలో మేస్త్రీ, ప్లంబర్, ఎలక్ట్రీషియన్, టైల్స్ పనివాళ్లు ఒకరి కోసం ఒకరు ఆగే బాధ తప్పుతుంది. మంచి ఫ్యాక్టరీలో 24 గంటలు నీళ్లు కట్టి, కారలేదని తేలాకే టైల్స్ వేస్తారు. సైట్‌లో తొందరపడి ఎగ్గొట్టేది సరిగ్గా ఈ పరీక్షనే.

బరువు ముందే లెక్కేసుకోవాలి. 1.8 × 2.4 మీటర్ల గది, 2.4 మీటర్ల ఎత్తు, 50 మి.మీ. కాంక్రీటు గోడలు, 100 మి.మీ. మందం అడుగుభాగం అనుకుంటే టైల్స్, ఫిటింగులు కలపకుండానే మూడు టన్నులు దాటుతుంది. సన్న స్టీలు ఫ్రేము పాడ్ ఇంతకన్నా చాలా తేలిక. కానీ ఎత్తేటప్పుడు మెలిపడితే తలుపు మూలల దగ్గర టైల్స్ పగిలేది అందులోనే. నాలుగు చోట్ల పట్టి, స్ప్రెడర్ బీమ్‌తో (తాళ్లు పాడ్‌ను లోపలికి నొక్కకుండా పైన ఉంచే అడ్డదూలం) ఎత్తాలి. తలుపు ఖాళీకి కొట్టిన అడ్డబద్దను పాడ్ కుదురుకున్నాకే తీయాలి.

అసలు చిక్కు స్లాబ్ దగ్గర మొదలవుతుంది. ఉదాహరణకు పాడ్ అడుగుభాగం టైల్స్‌తో కలిపి 100 మి.మీ., దాని కింద ఎత్తు సరిచేసే ప్యాకింగ్ 15 మి.మీ., బయట గది ఫ్లోరింగ్ 50 మి.మీ. అయితే స్లాబ్‌ను 65 మి.మీ. దించి పోయాలి. బాత్రూమ్ నేల మరో 10 మి.మీ. కిందికి ఉండాలంటే 75. ఇది మరిస్తే గడప దగ్గర మెట్టు శాశ్వతంగా మిగిలిపోతుంది. వాటం (నీళ్లు పారేందుకు నేలకిచ్చే వాలు) సంగతీ అంతే. 1:80 వాటం అంటే 1.8 మీటర్లకు దాదాపు 22 మి.మీ. స్లాబ్ ఎదురు దిక్కుకు 12 మి.మీ. వాలి ఉంటే మిగిలేది పదే. నీళ్లు మూలలో నిలుస్తాయి. పాడ్‌లో లోపమేమీ లేకపోయినా తిట్లు దానికే పడతాయి. రసమట్టం పెట్టి, స్టీలు ప్లేట్లతో సరిచేయాలి. చెక్కముక్కలు వద్దు, తడికి ఉబ్బుతాయి, ఎండితే కుంచించుకుపోతాయి.

పైపులు కలిపే పనంతా షాఫ్ట్ (పైపులు నిలువునా దిగే సందు) వైపు నుంచే ఉండాలి. ప్రయాణపు కుదుపులకు జాయింట్లు వదులవుతాయి కాబట్టి ఫ్యాక్టరీ పరీక్ష కాగితాన్ని నమ్మి ఊరుకోకూడదు. పాడ్ కూర్చున్నాక మళ్లీ ప్రెషర్ టెస్ట్ చేసి, ఆ తర్వాతే షాఫ్ట్ గోడ మూయాలి. భవనం బయటి గోడ కట్టేశాక పాడ్ లోపలికి రాదు, బయటికీ పోదు.

సరఫరా విషయంలో ఈ సరుకు ఇంకా పచ్చిగానే ఉంది. గోడలో దాగే షవర్ వాల్వ్ ఒక్కటి ఆలస్యమైతే టైల్స్ పని ఆగుతుంది, దాంతో లైను మొత్తం నిలుస్తుంది. కమోడ్ ఔట్‌లెట్ దూరం, వాల్వ్ లోతు సరిపోయే ప్రత్యామ్నాయ మోడల్‌ను డిజైన్ ఖరారయ్యేలోపే రాసి పెట్టుకోవాలి. అంతకన్నా పెద్ద భయం తయారీదారే మూతపడటం. ఫ్యాక్టరీ నిర్మాణంలో ఎంతో పేరు తెచ్చుకున్న అమెరికా కంపెనీ కటెర్రా 2015లో మొదలై 2021లో దివాలా తీసింది. ఒక్కో తయారీదారుడి పైపుల స్థానాలు ఒక్కోలా ఉన్నంతకాలం, ఒకరు ఆగితే ఇంకొకరి పాడ్ ఆ ఖాళీలో పట్టదు. పరిశోధనకు డబ్బు పెట్టేవాళ్లు రోబోల కన్నా ముందు దీన్ని చూడాలి: పైపులు కలిసే చోట అందరికీ ఒకే కొలతలు, స్లాబ్‌కూ పాడ్‌కూ కలిపి కొలతల్లో ఒకే హెచ్చుతగ్గుల పరిమితి, కుదుపులకు జాయింట్లు ఎంత వదులవుతాయో కొలిచిన లెక్కలు.

వందల సంఖ్యలో, ఒకే నమూనాకు అయితే తీసుకోండి. పదీ పన్నెండు బాత్రూమ్‌లకు, అదీ తలా ఒక కొలతలో అయితే వద్దు. ఆర్డర్‌లో ఒక నమూనా పాడ్ ముందుగా రావాలని, విడి టైల్స్, జాయింట్ల డ్రాయింగులు కూడా ఇవ్వాలని రాయించుకోండి.