స్ట్రాటజిక్ కమ్యూనికేషన్స్ ట్రైనింగ్‌కి డబ్బు కట్టి నేనే రీల్ అయ్యాను, జాగ్రత్త

ప్రభుత్వ ఉద్యోగ మిత్రులందరికీ,

నిన్న రాత్రంతా కునుకు లేదు. కోపంలో రాస్తున్నాను, తప్పులుంటే సర్దుకోండి. స్ట్రాటజిక్ కమ్యూనికేషన్స్, అంటే జనానికి ఏ మాట ఎప్పుడు ఎలా చెప్పాలో నేర్పిస్తామన్న ఆ ట్రైనింగ్ వాళ్ళ గురించే. పేరు రాయను, రాస్తే పరువునష్టం దావా వేస్తామని ఫోన్‌లోనే చెప్పారు. పరువునష్టం! వాళ్ళకి! రాయకపోయినా మీకు తెలుస్తుంది లెండి. నెల రోజులుగా మన వాట్సాప్ గ్రూపులన్నింట్లో తిరుగుతోందే నీలం పోస్టరు, మూలన బుగ్గకారు బొమ్మ, కింద ఎర్ర అక్షరాలతో "ప్రభుత్వ ఉద్యోగులకు మాత్రమే" అని. ఆ మహానుభావులే.

నేను ఒక మున్సిపాలిటీలో సీనియర్ అసిస్టెంట్‌ని. మాకు పీఆర్వో, అంటే పౌర సంబంధాల అధికారి, పోస్టు లేదు కాబట్టి ప్రెస్ నోటు, గ్రూపుల్లో పెట్టే ప్రకటన, ఆటో మైకులో చెప్పించే మాట, అన్నీ నా మెడకే. 2024 సెప్టెంబర్‌లో బుడమేరు వాగు పొంగి విజయవాడ మునిగినప్పుడు చుట్టుపక్కల మున్సిపాలిటీల స్టాఫ్‌ని డ్యూటీకి పంపారు, నేనూ వారం ఉన్నాను. కట్ట మళ్ళీ తెగిందని పుకారు లేస్తే పిల్లల్ని భుజాన వేసుకుని పరుగెత్తినవాళ్ళని కళ్ళారా చూశాను. ఆ పుకారు ఒకటే లైను. మన వైపు నుంచి వెళ్ళిన ప్రకటన ఒకటిన్నర పేజీ, "ప్రజలు భయాందోళనలకు గురికావలదని ఇందుమూలముగా" అంటూ. నడుం లోతు నీళ్ళలో నిలబడి "ఇందుమూలముగా" ఎవరు చదువుతారండీ? అప్పట్నుంచి ఈ పని సరిగ్గా నేర్చుకోవాలని ఒకటే పురుగు తొలిచేది. సరిగ్గా అప్పుడే ఈ పోస్టరు కళ్ళబడింది. నా ఖర్మ.

ఫీజు 16,500, దానిమీద 18 శాతం జీఎస్‌టీ, మొత్తం 19,470. డబ్బు ఎవరో వ్యక్తి పేరు మీదున్న ఫోన్‌పే నంబర్‌కి వేయమన్నారు. వేశాను. రసీదు వాట్సాప్‌లో వచ్చింది, దానిమీద జీఎస్‌టీ నంబరే లేదు. ఆఫీసులో జీఎస్‌టీ నంబర్ లేదని ఎంతమంది కాంట్రాక్టర్ల బిల్లులు వెనక్కి కొట్టానో లెక్కలేదు. సొంత డబ్బు దగ్గరికొచ్చేసరికి ఆ బుర్ర ఏమైందో!

మూడు రోజులు, విజయవాడలో ఒక హోటల్ కింది అంతస్తు హాలు. మూడు సీఎల్‌లు (క్యాజువల్ లీవులు) పెట్టి వెళ్ళాను. పోస్టర్‌లో "రిటైర్డ్ ఐఏఎస్ అధికారులచే శిక్షణ" అని ఉంది కదా, ఒక పెద్దాయన వచ్చారు, దీపం వెలిగించారు, తను సబ్ కలెక్టర్‌గా ఉన్న రోజుల గురించి పావుగంట చెప్పారు, భోంచేసి వెళ్ళిపోయారు. మిగతా సమయమంతా ఒక కుర్రాడే. మంచి మాటకారి. అంతకుముందు ఏదో రియల్ ఎస్టేట్ కంపెనీకి పీఆర్ చేశాడట. స్లైడ్ల అడుగున వేరే ఎవరివో వాటర్‌మార్కులు, అవి కనబడకుండా తెల్ల డబ్బాలు అతికించారు. కొన్ని సరిగ్గా అతకలేదు కూడా.

"27, 9, 3" అని ఒక సూత్రం చెప్పాడు. క్రైసిస్ కమ్యూనికేషన్‌లో, అంటే ఆపద సమయంలో జనానికి చెప్పేటప్పుడు, 27 మాటల్లో, 9 సెకన్లలో, 3 పాయింట్లు చెప్పాలట. అమెరికాలో పుట్టిన లెక్క, మంచిదే. కానీ తెలుగులో "రాలేకపోతున్నామంటున్నారు" అనేది ఒకటే మాట, ఇంగ్లిష్‌లో దానికి అరడజను మాటలు కావాలి, మరి మనం 27 ఎలా లెక్కపెట్టుకోవాలి అని అడిగాను. "గుడ్ క్వశ్చన్ మేడం" అని తర్వాతి స్లైడుకి వెళ్ళిపోయాడు. సమాచార హక్కు చట్టం సెక్షన్ 4(1)(బి) కింద ఎవరూ అడక్కుండానే మనంతట మనమే వెల్లడించాల్సిన 17 అంశాలు ఉన్నాయి కదా, వాటిని జనానికి అర్థమయ్యేలా ఎలా రాయాలని పంచాయతీరాజ్ నుంచి వచ్చినాయన అడిగితే, "అది లీగల్ టీమ్ చూసుకుంటుంది సార్" అన్నాడు. ఏ లీగల్ టీమ్? మండలాఫీసులో జూనియర్ అసిస్టెంటే లీగల్ టీము, ప్రెస్ టీము, జిరాక్స్ టీము.

పుకార్ల మీద గంటసేపు చెప్పాడు, అన్నీ విదేశీ ఉదాహరణలే. 2018లో పిల్లల్ని ఎత్తుకుపోయే ముఠాలొచ్చాయని వాట్సాప్‌లో దేశమంతా గోల లేచినప్పుడు, జోగులాంబ గద్వాలలో అప్పటి ఎస్పీ రెమా రాజేశ్వరి గారు పోలీసుల్ని ఊరూరికీ పంపి, పాటలు పాడించి, జనంతో మాట్లాడించి ఆ పుకారుకి అడ్డుకట్ట వేశారు. దాని ఊసే లేదు. పక్క రాష్ట్రంలో, మన భాషలోనే జరిగిన ఇంత పెద్ద పాఠం ఉంటే ఈయనకి తెలియదు, నేను చెప్తే నోట్ చేసుకున్నాడు. తర్వాతి బ్యాచ్‌కి స్లైడు అవుతుంది కాబోలు, తెల్ల డబ్బాతో సహా.

బిర్యానీ మాత్రం బాగుంది, అబద్ధం చెప్పను.

ఇంతవరకే అయితే బుద్ధొచ్చిందనుకుని నోరు మూసుకునేదాన్ని. అసలు సంగతి రెండో రోజు మధ్యాహ్నం జరిగింది, నాకు తెలిసింది మాత్రం పోయిన శుక్రవారం.

మాక్ ప్రెస్‌మీట్ అన్నారు, అంటే ఉత్తుత్తి ప్రెస్‌మీట్. ముందు ఒక బల్ల, దానిమీద నాలుగు మైకులు, ఒక్కదానికీ వైరు లేదు. మా బ్యాచ్ వాళ్ళే విలేకరులు. నాకిచ్చిన చీటీలో "మీ పట్టణంలో మెయిన్ పైపులైను పగిలి మూడు రోజులైంది, జనం రోడ్డెక్కారు" అని ఉంది. ఆఫీసు ఐడీ కార్డు మెళ్ళో వేసుకోండి, నిజంగా ఉన్నట్టుంటుంది అన్నారు. వేసుకున్నాను. మూలన ట్రైపాడ్ మీద కెమెరా ఉంటే ఎందుకని అడిగాను కూడా. ఆ కుర్రాడన్న మాట అక్షరం పొల్లుపోకుండా గుర్తుంది: "మీ ప్రోగ్రెస్ మీకే చూపించడానికి మేడం. తప్పులు చేయండి. ఇది సేఫ్ స్పేస్. ఇక్కడ జరిగింది ఈ నాలుగు గోడలు దాటదు."

ఆ నాలుగు గోడల మాట నమ్మే నోరు విప్పాను.

ఆర్టీసీ నుంచి వచ్చిన ఒకాయన విలేకరి వేషంలో బాగా లీనమైపోయారు. "నీళ్ళెప్పుడిస్తారో తేల్చి చెప్పండి" అని బల్ల గుద్ది మూడుసార్లు అడిగారు. నేను నవ్వు ఆపుకోలేక, "నీళ్ళెప్పుడొస్తాయో మాకే తెలీదండీ, కాంట్రాక్టర్‌ని అడగాలి" అన్నాను. హాలంతా గొల్లుమంది. తర్వాత మళ్ళీ చేయించారు. ఈసారి బాగా చెప్పాను: ఏం పగిలింది, ఎన్నింటికల్లా బాగవుతుంది, అప్పటిదాకా ఏ వీధికి ట్యాంకర్ ఎప్పుడొస్తుంది, మళ్ళీ కబురు ఎన్నింటికి చెప్తాం. చప్పట్లు కొట్టారు. నాకూ సంతోషమేసింది, ఇంటికెళ్ళి మా ఆయనకి చెప్పుకున్నాను కూడా, సిగ్గులేకుండా.

పోయిన గురువారం ఊరికి నీళ్ళు పంపే మా హెడ్ వాటర్ వర్క్స్‌లో మోటారు కాలిపోయింది. నిజంగానే. ఊళ్ళో రెండు రోజులు నీళ్ళు లేవు. శుక్రవారం పొద్దున ఎనిమిదింటికి వార్డు సచివాలయం అమ్మాయి ఫోన్ చేసి, "అక్కా, మీ వీడియో ఏంటి, ఇట్లా మాట్లాడారేంటి?" అంది. లింకు పంపింది. వాళ్ళ పేజీలో యాడ్. నా మొహం, మెళ్ళో ఐడీ కార్డు, దానిమీద మున్సిపాలిటీ పేరు చక్కగా చదువుకునేంత స్పష్టంగా. పైన పెద్ద అక్షరాలతో "ట్రైనింగ్‌కి ముందు". ట్రైనింగ్ తర్వాత ఏమైందో చూపించారా? లేదు. "ఈవిడ ఎలా మారారో తెలుసుకోవాలంటే లింక్ నొక్కండి" అట. ఊళ్ళో ఎవరో ఆ యాడ్ భాగం కత్తిరించేసి నా మాట మాత్రం ఉంచి వదిలారు. లెక్కపెట్టాను, సరిగ్గా తొమ్మిది సెకన్లు. 27-9-3 ప్రకారం నిఖార్సయిన మెసేజ్. మధ్యాహ్నానికి మా ఊళ్ళో చూడని ఫోన్ లేదు.

వాళ్ళ కోఆర్డినేటర్‌కి ఫోన్ చేశాను. నాలుగోసారికి ఎత్తాడు.

"మేడం, ముందు కంగ్రాట్స్. మన పేజీలో ఇప్పటివరకు ఏ రీల్‌కీ ఇంత రీచ్ రాలేదు."

"బాబూ, అది వెంటనే తీసేయండి. ఊళ్ళో నిజంగా నీళ్ళు లేవు. జనం అది నిజం ప్రెస్‌మీట్ అనుకుంటున్నారు."

"తీయడం అంటే మేడం, క్యాంపెయిన్ రన్ అవుతోంది. మీరు ఫారంలో సంతకం పెట్టారు కదా, మూడో పేజీలో మీడియా కన్సెంట్ ఉంది."

నిజమే, నా వీడియో వాడుకోవచ్చని ఒప్పుకుంటూ సంతకం పెట్టాను. మొదటి రోజు టీ తాగుతూ, చీమ తలకాయంత అక్షరాల ఇంగ్లిష్ కాగితం మీద, కప్పు కింద పెట్టకుండానే పెట్టాను. రోజూ ఫైళ్ళు చదివే దాన్ని. నా చెప్పుతో నేనే కొట్టుకోవాలి.

"నా ఉద్యోగానికి వస్తుంది బాబూ, నేను ప్రభుత్వ ఉద్యోగిని" అన్నాను. గొంతు వణికింది, దాచుకోను.

దానికి అతనన్న మాట ఇదిగో: "మేడం, మీకు క్రైసిస్ కమ్యూనికేషన్ మాడ్యూల్ అయిపోయింది కదా? ఇదే మీ ప్రాక్టికల్ అనుకోండి."

వెనక ఎవరో పకపకా నవ్వారు. స్పీకర్‌లో పెట్టి మాట్లాడుతున్నాడు. ఆ నవ్వు ఇప్పటికీ చెవిలో ఉంది. 19,470 మర్చిపోతానేమో గానీ ఆ నవ్వు మర్చిపోను. మా నాన్న ఈడు మనుషులు నీళ్ళ కోసం బిందెలు పట్టుకుని ఆఫీసు ముందు నిలబడి "ఏమ్మా, మీకే తెలీదంటగా" అని అడుగుతుంటే, అక్కడ వీళ్ళకి నేను ప్రాక్టికల్.

సేఫ్ స్పేస్ కుర్రాడికి కూడా మెసేజ్ పెట్టాను. రెండు నీలం టిక్కులు పడ్డాయి. పది నిమిషాలకి డీపీ మాయమైంది. బ్లాకు.

కమిషనర్ గారు పిలిచారు. "ఏమ్మా, ప్రెస్‌మీట్ ఎప్పుడు పెట్టావ్, నాకు తెలీకుండా?" అన్నారు. మొత్తం చెప్పాను, రసీదు చూపించాను. ఆయన మంచాయన కాబట్టి తిట్టలేదు, కానీ పై నుంచి అడిగారట, మెమో ఇవ్వక తప్పలేదు. 1964 కండక్ట్ రూల్స్ (ఉద్యోగుల ప్రవర్తన నియమాలు) ప్రస్తావనతో మూడు రోజుల్లో సంజాయిషీ. 22 ఏళ్ళ సర్వీసులో మొదటి మెమో. డబ్బు కట్టి మరీ కొనుక్కున్నాను.

ఇక సర్టిఫికెట్. "ప్రభుత్వ గుర్తింపు పొందిన" అని పోస్టర్‌లో వేశారే, ఆ గుర్తింపు ఏంటంటే అడుగున ముద్రించిన ఉద్యం రిజిస్ట్రేషన్ నంబర్. ఉద్యం అంటే చిన్న వ్యాపారాలు ఆధార్‌తో ఆన్‌లైన్‌లో ఉచితంగా చేసుకునే నమోదు. మా వీధి టిఫిన్ బండి ఆవిడకీ ఉంది. ఆ లెక్కన ఆవిడ ఇడ్లీ కూడా భారత ప్రభుత్వ గుర్తింపు పొందినదే, పైగా ఈ కోర్సు కన్నా వేడిగా ఉంటుంది. నా పేరులో ఒత్తు కూడా తప్పు.

మా ఆయన ఒకటే మాటన్నారు: "బాపట్ల గంటన్నర ప్రయాణం కదే." అవును, రాష్ట్ర ఉద్యోగులకి శిక్షణ ఇచ్చే మానవ వనరుల అభివృద్ధి సంస్థ బాపట్లలోనే ఉంది, ఒక లెటర్ పెట్టి అడిగుండొచ్చు. తెలంగాణ వాళ్ళకి జూబ్లీహిల్స్‌లో మర్రి చెన్నారెడ్డి సంస్థ ఉంది. ప్రభుత్వ ఉద్యోగుల ఆన్‌లైన్ శిక్షణ పోర్టల్ ఐగాట్ కర్మయోగిలో కమ్యూనికేషన్ మీద కోర్సులు ఉచితం, నాకు లాగిన్ కూడా ఉంది, పాస్‌వర్డ్ మర్చిపోయి బద్ధకించాను. బద్ధకం ఖరీదు 19,470.

సరే, మీకు పనికొచ్చేవి గబగబా రాస్తాను. వ్యక్తి పేరు మీదున్న నంబర్‌కి ఫీజు వేయకండి. జీఎస్‌టీ అని వసూలు చేస్తే నంబరున్న బిల్లు అడగండి, ఇవ్వకపోతే అక్కడే లేచి రండి. కన్సెంట్ ఫారంలో వీడియో, ఫోటో అనే మాట కనిపిస్తే కొట్టేసి సంతకం పెట్టండి, ఆ కాగితం ఫోటో తీసుకోండి. ఐడీ కార్డు బ్యాగులోనే ఉంచండి. వెళ్ళే ముందు ఆఫీసులో చెప్పి వెళ్ళండి, నేను సీఎల్ పెట్టి చెప్పకుండా వెళ్ళాను, అది కూడా మెమోలో వచ్చింది. నేను నిన్న 1915 వినియోగదారుల హెల్ప్‌లైన్‌లో ఫిర్యాదు రాయించాను. జిల్లా వినియోగదారుల కమిషన్‌లో 5 లక్షల లోపు కేసుకి ఫీజు లేదని మా లాయరు తమ్ముడు చెప్పాడు, అక్కడికీ వెళ్తాను. నాతోపాటు ఆ బ్యాచ్‌లో 34 మందిమి ఉన్నాం, వాళ్ళలో ఎవరైనా ఇది చదివితే ఆ ఫారం కాపీ మీ దగ్గరుంటే దయచేసి పంపండి, నాకివ్వలేదు. ఆర్టీసీ అన్నయ్య గారూ, మీ గొంతు కూడా ఆ రీల్లో ఉంది, చూసుకోండి.

రీల్ ఇంకా ఉంది. పొద్దున చూస్తే 41 వేల వ్యూస్. దయచేసి వెతికి చూడకండి, చూసిన కొద్దీ పెరుగుతుంది. కనబడితే రిపోర్ట్ కొట్టండి చాలు.

సంజాయిషీ రేపటికల్లా ఇవ్వాలి, ఇంకా మొదలే పెట్టలేదు. ఏడో వార్డుకి ట్యాంకర్ రాలేదని ఫోన్ మోగుతోంది, ఉంటాను.