విజయనగరం ఇండోర్ గోల్ఫ్: వెళ్తే బెండెలో కోర్సు పెట్టమని అడగండి

రింగ్ రోడ్డు వైపు ఒక బిల్డింగ్ మొదటి అంతస్తులో గోల్ఫ్ సిమ్యులేటర్ పెట్టారు. బోర్డు చూసి, ఇది మనలాంటోళ్లకి కాదులే అని ముందుకెళ్లిపోయినవాళ్లు చాలామంది ఉంటారు. వాళ్ల కోసమే రాస్తున్నాను. మెంబర్‌షిప్ అక్కర్లేదు, ఖరీదైన బట్టలక్కర్లేదు, ఎవరి రికమండేషనూ అక్కర్లేదు. గంటకి 800, నలుగురు కలిసి వెళ్తే తలా 200 పడుతుంది, కర్రలూ బంతులూ వాళ్లే ఇస్తారు. ఇన్నాళ్లూ ఈ ఆట చేత్తో ముట్టుకోవాలంటే మనం వైజాగ్ వెళ్లాల్సిందే.

లోపల ఒక పెద్ద తెర, పైన ప్రొజెక్టర్, కింద పచ్చటి మ్యాటు, పక్కన చిన్న సెన్సర్. మీరు కొట్టిన బంతి తెరకి తగిలి కింద పడిపోతుంది. ఈలోపే సెన్సర్ దాని వేగం, లేచిన కోణం, తిరుగుడు కొలిచేసి బయట మైదానంలో అయితే ఎటు వెళ్లేదో, ఎంత దూరం వెళ్లేదో లెక్కగట్టి చూపిస్తుంది. ఐరన్ (ఇనుప తల ఉన్న కర్ర) షాట్ల లెక్క నమ్మదగ్గదే. డ్రైవర్ అనే, అన్నిటికంటే దూరం కొట్టే కర్రతో కొట్టినప్పుడు పది ఇరవై గజాలు ఎక్కువ చూపిస్తోందని నాకనిపించింది. పట్టింగ్ (బంతిని గుంతలోకి దొర్లించడం) దగ్గర మాత్రం నిరాశే, గ్రీన్ (గుంత చుట్టూ ఉండే నున్నటి గడ్డి) మీద వాలు కంటికి ఆనదు, బంతి ఎందుకు పక్కకి పోయిందో అర్థం కాదు.

ఇక నేనిది రాయడానికి అసలు కారణం. ఓనరు షికాగో దగ్గర ఏళ్ల తరబడి ఉద్యోగం చేసి వచ్చినాయన. తెర మీద ఆడే కోర్సుల (గోల్ఫ్ మైదానాల) లిస్టులో పెబుల్ బీచ్, సెయింట్ ఆండ్రూస్ లాంటి పేరున్నవన్నీ ఉన్నాయి, వచ్చినవాళ్లంతా వాటినే అడుగుతారు. ఈయన మాత్రం కొత్తవాళ్లకి షికాగో దగ్గరి మెడీనా క్లబ్బులోని నంబర్ 3 కోర్సు పెడతారు, పెట్టి "ఇది గీసినాయన టామ్ బెండెలో సార్, అమెరికాలో కూడా చాలామందికి తెలీదు" అని చెప్పి మరీ ఆడిస్తారు. ఆ పేరు మన ఊళ్లో ఇంకొకరి నోట వినడం నాకెంత సంతోషమో చెప్పలేను, ఎందుకంటే గోల్ఫ్ కోర్సులు గీసినవాళ్లలో నేను బాగా ఇష్టపడే మనిషాయన.

బెండెలో 1868లో స్కాట్లాండ్‌లోని అబర్డీన్‌లో పుట్టాడు. 1892లో అమెరికా వచ్చి న్యూయార్క్ హెరాల్డ్ పత్రికలో అచ్చు అక్షరాలు పేర్చే పని చేసుకునేవాడు. అక్కడివాళ్లకి గోల్ఫ్ అప్పుడప్పుడే పరిచయమవుతోంది, నేర్పేవాళ్లు కరువు, స్కాట్లాండ్ నుంచి వచ్చి ఆట తెలిసినవాడైతే చాలు పిలిచి పని ఇచ్చేవాళ్లు. అలా నేర్పడం మొదలుపెట్టి, ఆటసామాన్లు అమ్మే స్పాల్డింగ్ కంపెనీలో చేరి, వాళ్ల తరఫున ఊరూరా తిరుగుతూ కోర్సులు వేసుకుంటూ పోయాడు. బాటకి రెండువైపులా విత్తనాలు జల్లుకుంటూ వెళ్లిన మనిషిలాంటివాడు. అమెరికా, కెనడాల్లో మొత్తం 600కి పైనే వేశాడని లెక్క చెబుతారు.

న్యూయార్క్ బ్రాంక్స్‌లో వాన్ కోర్ట్‌లాండ్ పార్క్ అని ఉంది. 1895లో 9 హోల్స్‌తో (హోల్ అంటే కొట్టడం మొదలుపెట్టే చోటు నుంచి గుంత దాకా ఒక భాగం) మొదలైన ఆ కోర్సు అమెరికాలో ప్రజలందరి కోసం నగరం నడిపిన మొట్టమొదటి గోల్ఫ్ కోర్సు. 1899లో దాన్ని 18 హోల్స్‌గా మార్చింది బెండెలోనే. క్లబ్బులూ గేట్లూ లేకుండా, మామూలు ఉద్యోగస్తుడు రైలు దిగొచ్చి ఆడుకునే చోటు అది. ఆ కోర్సు నేటికీ నడుస్తోంది. నా దృష్టిలో మెడీనా కంటే ఇదే ఆయన పెద్ద పని.

మరి పేరెందుకు నిలవలేదు? తర్వాతి తరంవాళ్లు ఆయన్ని ఆదివారం మధ్యాహ్నం పద్దెనిమిది గుర్తు కర్రలు పాతి వెళ్లిపోయే మనిషి అని ఎగతాళి చేశారు. టీ (కొట్టడం మొదలుపెట్టే చోటు) దగ్గర ఒక కర్ర, వంద గజాలు అడుగులు వేసి ఇంకో కర్ర, అక్కడో అడ్డు బంకరు (ఇసుక గుంట), చివర గ్రీన్ దగ్గర ఒకటి, పాతిక డాలర్లు పుచ్చుకుని తర్వాతి ఊరికి ప్రయాణం అని. ఈ మాట నాకు ఒళ్లు మండిస్తుంది. అప్పట్లో మట్టి తొయ్యాలంటే గుర్రాలు లాగే పారలే దిక్కు, బుల్‌డోజర్లు లేవు. చేతిలో డబ్బూ లేదు, అడిగిన ఊళ్లకి కావాల్సింది తక్కువ ఖర్చులో ఆట మొదలెట్టే చోటు. ఉన్న నేలని ఉన్నట్టే వాడుకుని దారి చూపించడమే అక్కడ పనితనం. నేల వాలు ఎటుందో, నీళ్లు ఎటు పోతాయో, ఎండ కంట్లో పడకుండా ఏ హోల్ ఎటు తిప్పాలో నడుస్తూనే తేల్చుకోవడం అంత తేలికైన పనేం కాదు.

ఇంకో దెబ్బ బంతి కొట్టింది. మొదట్లో గట్టాపెర్చా అనే చెట్టు జిగురుతో చేసిన గట్టి బంతితో ఆడేవారు. 1898లో హాస్కెల్ అనే ఆయన లోపల రబ్బరు దారం చుట్టిన బంతి కనిపెట్టాడు, నాలుగైదేళ్లలో అందరూ దానికే మారిపోయారు. అది చాలా దూరం పోతుంది. దాంతో పాత బంతికి తగ్గట్టు వేసిన కోర్సులన్నీ చిన్నవైపోయాయి, క్లబ్బులు వేరేవాళ్లని పిలిచి తిరిగి గీయించుకున్నాయి, బోర్డు మీద కొత్తాయన పేరు ఎక్కింది. అట్లాంటాలోని ఈస్ట్ లేక్ కోర్సు కొత్త బంతి వచ్చాక వేసిందే అయినా, పేరు మాత్రం అక్కడా అలాగే మారింది. మొదట వేసింది బెండెలో, 1913లో డొనాల్డ్ రాస్ మార్చాడు, ఇప్పుడు ఎవర్నడిగినా రాస్ పేరే చెబుతారు.

కర్రలు పాతేవాడని నవ్వినవాళ్లకి జవాబు మెడీనాలో ఉంది. 1920లలో, వయసు యాభై దాటాక, ఆ క్లబ్బులో మూడు కోర్సులు ఆయనే వేశాడు. 1928లో మొదలైన నంబర్ 3ని మొదట ఆడవాళ్ల కోసం అనుకున్నారట! అదే కోర్సు మీద గోల్ఫ్‌లో పెద్ద పోటీ అయిన యూఎస్ ఓపెన్ మూడుసార్లు జరిగింది, టైగర్ వుడ్స్ 1999లో, 2006లో పీజీఏ ఛాంపియన్‌షిప్ గెలిచాడు, అమెరికా, యూరప్ జట్లు తలపడే రైడర్ కప్‌లో 2012లో ఆఖరి రోజు 10-6తో వెనకబడ్డ యూరప్ తేరుకుని గెలిచేసింది. బెండెలో తర్వాత ఆ కోర్సు మీద చాలా చేతులు పడ్డాయి, ఈమధ్య పెద్ద మార్పులే చేశారు కూడా, మన దగ్గర తెర మీద వచ్చేది పాత రూపం. అయినా ఆడుతుంటే తెలుస్తుంది. 2, 13, 17 హోల్స్ మూడూ కదీజా చెరువు మీదుగా కొట్టాలి, ఒకటే నీళ్లని మూడు చోట్ల మూడు రకాలుగా వాడుకున్న తీరు చూడండి. 13వ హోల్ దగ్గర మా బావమరిది, జీవితంలో కర్ర పట్టనివాడు, "ఏటి బావా, మళ్లీ చెరువేనా?" అని నెత్తి పట్టుకున్నాడు. కానీ అక్కణ్ణుంచి కదల్లేదు, గంట అయిపోతే ఇంకో గంటకి డబ్బులు వాడే కట్టాడు.

మన జిల్లాకి ఆటలు కొత్త కాదు. కొండవెలగాడ లాంటి పల్లె నుంచి వెయిట్ లిఫ్టర్లు వచ్చారు, విజ్జీ స్టేడియం ఉంది. గోల్ఫ్ మాత్రమే గోడల వెనక ఉండిపోయింది. ఆ గోడలు లేకుండా ఆడించినాయన గీసిన కోర్సుని, గోడలు లేని పద్ధతిలో ఇక్కడ ఆడిస్తున్నారు, అందుకే ఈ చోటంటే నాకింత అభిమానం.

లోపాలూ చెప్పాలి. మ్యాటు గట్టిగా ఉంది, మర్నాడు మణికట్టు నొప్పి ఖాయం. ఎడమచేతివాళ్లకి ఒకే ఒక్క కర్ర ఉంది, పిల్లల సైజు అసలు లేదు, ఇంత తక్కువ రేటు పెట్టి పిల్లల్ని మర్చిపోవడం నాకు నచ్చలేదు. రెండోసారి వెళ్లినప్పుడు కరెంటు పోయి, యూపీఎస్ లేక, సగం ఆటలో స్కోరు మొత్తం పోయింది. వాళ్లు మళ్లీ మొదట్నుంచి ఆడనిచ్చారు, అదనంగా ఏమీ తీసుకోలేదు. కింద పార్కింగ్ బైకులకే సరిపోతుంది. నేర్పించే కుర్రాడు ఓపికమంతుడు, కానీ సాయంత్రం ఆరు తర్వాతే ఉంటాడు.

శని, ఆదివారాలు ముందు ఫోన్ చేసి టైమ్ బుక్ చేసుకోండి. కొత్తవాళ్లయితే 18 హోల్స్ పెట్టుకోవద్దు, గంటలో అవ్వదు, చివరి 9 పెట్టమనండి, 13, 17 రెండూ అందులోనే వస్తాయి. వాన్ కోర్ట్‌లాండ్ కూడా ఎక్కించమని నేను ఓనర్ని అడిగాను, చూస్తానన్నారు. మీరూ వెళ్లినప్పుడు అడగండి, నలుగురు అడిగితే తొందరగా పెడతారు.